తొంభై తొమ్మిది శాతం దగ్గర మా ఆయన

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయనకి ఇంకా చాలినన్ని ప్రోగ్రామింగ్ భాషలు రావు.

పైథాన్ వచ్చు. జావా వచ్చు. స్కాలా వచ్చు. ఇంకేదో కూడా వచ్చు, దాని పేరు నాకు నోరు తిరగదు. చాలవంటాను నేను. ఆయన చేసేది బిగ్ డేటా పని. పేరులోనే పెద్దరికం పెట్టుకున్న పనికి నాలుగంటే నాలుగు భాషలతో వెళ్లడమేమిటి? గడ్డకట్టే చలిలో బనీను మీద బయటికి వెళ్లినట్టు లేదూ?

కొందరు తుంటరులు ఈమధ్య ఒక ప్రచారం మొదలుపెట్టారు. ఈ పనికి ఒకటో రెండో భాషలు సరిగ్గా వస్తే చాలట, ఆ తర్వాత అసలు విద్యంతా డేటాని కళ్లు తెరిచి చూడడమేనట. నమ్మకండి. అలాంటి మాటలు నమ్మితే సంసారాలు కూలిపోతాయి!

ఎలాగంటారా? ఆదివారం పొద్దున వంటింట్లో కుళాయి కారుతోందనుకోండి. ఏ భాషా నేర్చుకోని భర్త స్పానర్ పట్టుకుని వచ్చేస్తాడు. అంతవరకూ బొట్లుబొట్లుగా కారేది ధార కడుతుంది. అదే కొత్త భాష నేర్చుకుంటున్న భర్తయితే చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, ఈ ఒక్క పాఠం అయిపోనీ అంటాడు. ఆయన పాఠం అయ్యేలోగా ప్లంబర్ వస్తాడు, బాగుచేస్తాడు, వెళ్లిపోతాడు. ఇల్లు పొడిగా ఉంటుంది. చెప్పండి, ఇది వరం కాదా?

ఆఫీసులో అయితే మరీను. ఒక్క భాషే తెలిసినవాడి పని ఆలస్యమైతే తప్పు వాడిదవుతుంది. నాలుగు తెలిసినవాడి పని ఆలస్యమైతే తప్పు భాషది! ఇంకో భాషలో తిరగరాస్తే సరి. తిరగరాస్తున్నంతకాలం ఎందుకు పూర్తికాలేదని అడిగే ధైర్యం ఏ మేనేజర్‌కైనా ఉంటుందా?

అసలు బిగ్ డేటా అంటే ఏమిటని ఎవరైనా అడుగుతారేమో. ఒక కంప్యూటర్ మోయలేనంత సమాచారాన్ని చాలా కంప్యూటర్లకి పంచి, తలా కాస్త చేయించి, చివర్లో అంతా ఒకచోట చేర్చడం. ఉమ్మడి కుటుంబంలో చాకిరీ లాంటిదే. కాకపోతే కంప్యూటర్లు ఒకదాని మీద ఒకటి చాడీలు చెప్పుకోవు.

ఎన్ని భాషలొస్తే అంత మేలన్న సత్యాన్ని మా ఆయన సొంత చెల్లెలి మీద ప్రయోగించి మరీ నిరూపిస్తున్నారు.

మా ఆడపడుచు స్టాటిస్టిక్స్ చదివింది. పెళ్లయ్యాక కూడా ఒక ఆసుపత్రి రికార్డుల విభాగంలో లెక్కలు సరిచూసే ఉద్యోగం చేసింది. పాప పుట్టాక మానేసింది. మళ్లీ చేస్తానని ఎప్పటినుంచో అంటోంది. మా ఆయన కంపెనీలోనే, పక్క టీములో, డేటాని పరిశీలించే ఉద్యోగం ఒకటి ఈమధ్యే ఖాళీ అయింది. లోపలివాళ్లు ఎవరైనా సిఫారసు చేస్తేనే అప్లికేషన్ ముందుకి కదులుతుంది. లోపలివాడు ఉన్నాడు. తోడబుట్టినవాడే.

ముందు పునాది గట్టిపడనీ అని మొదటినుంచీ అంటున్నారు ఆ తోడబుట్టినవారు.

పాప బోర్లాపడేటప్పుడు పైథాన్ మొదలుపెట్టింది మా ఆడపడుచు. పాప పాకేనాటికి పైథాన్ వచ్చింది. అయితే జావా కూడా ఉండాలన్నారు. పాప గోడ పట్టుకుని నిలబడేసరికి జావా కూడా వచ్చింది. స్కాలా లేకపోతే లోకం నవ్వుతుందన్నారు. ఇప్పుడు పాప ఇల్లంతా పరుగులు పెడుతోంది, అడిగిందానికీ అడగనిదానికీ జవాబులు చెబుతోంది. పునాది మాత్రం ఇంకా తడారలేదు!

ఆమెకి ఎస్‌క్యూఎల్ అనేది ఆసుపత్రి రోజులనుంచీ కొట్టినపిండి. ఆ మాటెత్తితే మా ఆయన జాలిగా నవ్వుతారు. అది అసలు భాషే కాదట, డేటాని ప్రశ్నలడగడానికి తప్ప మరెందుకూ పనికిరాదట. నిజమేగా! ప్రశ్నలడిగేవాళ్లతో ఆఫీసులకి ఏం పని?

ఒకరోజు వాళ్లింట్లో మా ఆడపడుచు నాతోపాటు బట్టలు మడతపెడుతూ, పాప చొక్కాని ఒళ్లో పెట్టుకుని ఉండిపోయింది.

"వదినా, నేను నిజంగానే మొద్దునంటావా? ఎంత నేర్చుకున్నా ఇంకొకటి మిగిలే ఉంటోంది."

అప్లికేషన్లకి ఆఖరి రోజు సోమవారం. అది తప్పితే మళ్లీ అలాంటి ఖాళీ ఎప్పుడొస్తుందో తెలియదు. నాకు చాలా మాటలు నోటిదాకా వచ్చాయి. కానీ ఎక్కువ భాషల పక్షం వహించినదాన్ని కాబట్టి దిండు గలీబు మడతపెట్టి ఊరుకున్నాను.

ఇంతలో మా ఆయన మెడకే ఒకటి చుట్టుకుంది.

ఒక సూపర్ మార్కెట్ సంస్థ వాళ్లకి ఊరూరా దుకాణాలున్నాయి, మా వీధి చివర కూడా ఒకటుంది. బిల్లులన్నీ ఒకచోట పోసి, ఏ కస్టమర్ ఎప్పుడేం కొంటున్నారో ఫోన్ నంబర్ల వారీగా వరసపెట్టి చెప్పమన్నారు. నమ్మకంగా వచ్చేవాళ్లకి బహుమతులు పంపుతారట. ఆ లెక్క కూడా సోమవారానికే ఇవ్వాలి. మా ఆయన పైథాన్‌లో ప్రోగ్రాం రాశారు. అది చకచకా నడిచి తొంభై తొమ్మిది శాతం దగ్గర ఆగిపోయింది.

ఆయనేమైనా సామాన్యులా? పైథాన్ నెమ్మదస్తురాలని తేల్చి, అంతా స్కాలాలో తిరగరాశారు. ఫలితం అద్భుతం! ఇదివరకటికంటే ఎంతో తొందరగా తొంభై తొమ్మిదికి చేరి, అక్కడే ఆగిపోయింది. మరికొన్ని కంప్యూటర్లు అడిగి తెప్పించుకున్నారు. ఒక కంప్యూటర్ చెమటలు కక్కుతుంటే మిగతావన్నీ చేతులు కట్టుకుని చూస్తున్నాయట. మా ఇంట్లో ఆదివారం వంటలాగే.

శనివారం మధ్యాహ్నం మా ఆడపడుచు పాపని వెంటబెట్టుకుని స్కాలా పాఠానికి వచ్చింది. గురువుగారు భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని, గడ్డం గీసుకోకుండా కూర్చుని ఉన్నారు. ఇంకో కొత్త భాష ఏదో వచ్చిందని, అందులో రాస్తే తప్పకుండా కదులుతుందని చెల్లెలికి వివరించడం మొదలుపెట్టారు. ఆమె చాలాసేపు విన్నది. పాప నోట్లోంచి పెన్ను మూత తీసింది. ఆ తర్వాత అడిగింది.

"అన్నయ్యా, అందులో ఎవరి బిల్లులు ఎక్కువున్నాయో చూశావా?"

"అవి కోట్ల బిల్లులమ్మా. చూడ్డానికి కూరగాయల బుట్టనుకున్నావా?"

"అన్నీ అక్కర్లేదు. నంబరుకెన్ని ఉన్నాయో లెక్కేసి, పైనున్న కాసిని చూద్దాం."

చిన్నపిల్లలు బొమ్మ అడిగితే ఇచ్చినట్టు లాప్‌టాప్‌ని ఆమెవైపు తిప్పారు ఆయన. ఆమె ఎస్‌క్యూఎల్‌లో, ఆ భాష కాని భాషలో, మూడు నాలుగు వరసలు కొట్టింది. నేను కాఫీ కలిపి తెచ్చేసరికి జవాబొచ్చింది.

జాబితాలో పైనున్న కస్టమర్ ముందు మిగతావాళ్లంతా చీమలు! ఒక్క నంబరు మీద కొండంత బిల్లులు. ఒకే నంబరు మీదున్నవన్నీ ఒకే కంప్యూటర్‌కి వెళ్తాయట, అది ఆ కొండ కింద నలిగిపోతోందన్నమాట. ఆ నంబరు నిండా తొమ్మిదులే. ఆ మహాతల్లి ఎవరోగానీ పొద్దున్నుంచీ అన్ని ఊళ్లలో అన్ని దుకాణాల్లోనూ ఉంటోంది. పసిపిల్లల డైపర్లూ కొంటోంది, ముసలివాళ్ల చేతికర్రలూ కొంటోంది. గడ్డం గీసుకునే బ్లేడూ, లిప్‌స్టిక్కూ ఒకే నిమిషంలో వేర్వేరు ఊళ్లలో కొంటోంది.

మా ఆయన కళ్లు మెరిశాయి. ఇది ఘరానా మోసమనీ, దీన్ని పట్టుకోవడానికి వేరే వ్యవస్థ నిర్మించాలనీ, దాన్ని ఏ భాషలో రాయాలన్నదే ప్రశ్న అనీ గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయారు.

కాఫీ కప్పులు బల్ల మీద పెట్టి, "ఆ కస్టమర్ నేనే," అన్నాను.

ఇద్దరూ తలెత్తారు.

"నేనొక్కదాన్నే కాదులెండి. కౌంటర్లో అమ్మాయి ఫోన్ నంబరు అడుగుతుంది. ఇస్తే పగలల్లా మెసేజులు. అందుకని ఇవ్వను. నంబరు లేకపోతే దాని మిషన్ బిల్లు వేయదు. వెనకాల క్యూ పెరిగిపోతుంటుంది. పాపం, ఆ పిల్ల తొమ్మిది మీద వేలుపెట్టి అలాగే నొక్కేస్తుంది."

మీరు మాత్రం ఇస్తున్నారా? నిజం చెప్పండి. ఇవ్వని మనందరం కలిసి ఆ ఒక్క కస్టమర్ అయ్యాం. బహుమతి కూడా మనకే వచ్చేది, ఎక్కడికి పంపాలో తెలిసుంటే.

మా ఆయన తెర మీదున్న ఆ తొమ్మిదుల్ని వేలితో మళ్లీ లెక్కపెట్టుకున్నారు. పాప మాత్రం కుర్చీ కింద కూర్చుని ఎవరికో ఫోన్లో గట్టిగా చివాట్లు పెడుతోంది. ఆ ఫోన్ టీవీ రిమోట్.

తొమ్మిదుల బిల్లుల్ని పక్కకి తీయమంది మా ఆడపడుచు. న్యాయం చెప్పాలి, ఆ తీసే పని మా ఆయన కళ్లు మూసి తెరిచేలోగా స్కాలాలోనే చేసేశారు. ఆయన విద్యకి వంక పెట్టే పాపానికి నేను ఒడిగట్టను. కప్పులో కాఫీ చల్లారకముందే ప్రోగ్రాం నూరు శాతానికి వెళ్లి కూర్చుంది.

అయినా నా వాదన మారలేదు. బిగ్ డేటా పనికి ఎన్ని భాషలు వస్తే అంత మంచిది. తలుపు దగ్గర నిలబడ్డవాళ్లని లోపలికి రానివ్వకుండా ఉంచాలంటే, ఇంకొకటి నేర్చుకుని రా అనడంకన్నా మర్యాదైన గడియ ఏముంది? ఎవరినీ కాదన్నట్టు ఉండదు. వేసినవాళ్లకి కూడా అది గడియలా కనిపించదు, ప్రేమలాగే కనిపిస్తుంది. బయట నిలబడినవాళ్లు తమకే తెలివి చాలదనుకుంటారు, పాప చొక్కా ఒళ్లో పెట్టుకుని.

మా ఆడపడుచు ఆరోజు అప్లికేషన్ మాటెత్తలేదు. నోట్సు తెరిచి, కలం మూత తీసి, "మరి స్కాలా పాఠం?" అని అడిగింది. ఎంతో బుద్ధిగా అడిగింది ఆ మాట.

నేను కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్లి మిక్సీ వేశాను. ఆ మోతలో మా ఆయన ఏదో అన్నట్టనిపించింది. మిక్సీ ఆపి, గుమ్మంలోకి వచ్చి, ఏమన్నారండీ, వినపడలేదు అన్నాను.

నిజానికి వినపడింది. అంత అరుదైన సరుకుని ఒక్కసారి విని వదిలేస్తారా ఎవరైనా?

ఆయన నావైపు చూడలేదు. చెల్లెలి చేతిలో నోట్సు నెమ్మదిగా మూసి, అదే మాట మళ్లీ అన్నారు.

"పాఠం వద్దమ్మా. నీకొచ్చింది ఈ పనికి ఎప్పుడో సరిపోయింది. ఇంకా చాలదు, చాలదు అని నిన్ను ఇన్నాళ్లూ ఆపింది నేను. నాదే తప్పు. అప్లికేషన్ ఇటు పంపు, ఇప్పుడే పెట్టేస్తాను."