పుష్టి పండుగలో నా తులాభారం

"హెచ్ఐవీ రోగుల్ని ఈ ప్రభుత్వం లావు చేసి చూపించింది!" అని ఆరోగ్య మంత్రిగారు ప్రకటించారు. గత ప్రభుత్వంలో ఎముకల గూళ్లలా ఉన్నవాళ్లు తమ హయాంలో కండ పట్టారనీ, ఈ ఘనతను పుష్టి పండుగ పేరిట తిరుపతిలో జరుపుకుందామనీ సెలవిచ్చారు. ఆ ఘనతలో తొంభై కిలోలు నావి.

నా పేరు ప్రేమానందం. నగరిలో టైలర్ని. చాలా ఏళ్లుగా మాత్రలు వేసుకుంటున్నాను. జబ్బు బయటపడిన కొత్తలో నన్ను చూసి, చొక్కా దండెం మీద ఆరేసినట్టుందని నా భార్య అమల ఏడ్చేది. మాత్రలు పనిచేశాయి. కొత్త మందు మొదలయ్యాక ఆకలి కూడా పనిచేసింది. అంతా మందు మీదికే నెట్టడం అన్యాయం. బిర్యానీలు తిన్నది నేనే. పొట్ట పెరిగేకొద్దీ నాకు ధైర్యం పెరిగింది. ఇంత లావు మనిషికి ఆ జబ్బుందని ఎవరనుకుంటారు? నా చొక్కాల కుట్లు నేనే విప్పుకుని వదులు చేసుకుంటూ దర్జాగా తిరిగాను.

డాక్టర్ స్రవంతిగారు మాత్రం నా పుష్టికి మురిసిపోలేదు.

"వైరస్ అదుపులో ఉంది. కానీ లివర్‌కి కొవ్వు పట్టింది ప్రేమానందం గారూ. మాత్రలు ఆపొద్దు. అన్నం, తీపి తగ్గించి నడవండి. లివర్ గట్టిపడుతోందేమో వచ్చే నెల స్కాన్ చేసి చూద్దాం."

"నాకు తాగుడు లేదు కద మేడం?"

"తాగక్కర్లేదు. తింటే చాలు."

భయం పట్టుకుంది. పొద్దున్నే నడక మొదలుపెట్టాను. అమల సంగటి ముద్ద సగం చేసింది. నాలుగు కిలోలు తగ్గాను. సరిగ్గా అప్పుడే పార్టీ కార్యకర్త జయచంద్ర మా ఇంటికి వచ్చాడు. నా జబ్బు సంగతి తనకెలా తెలిసిందని అడిగితే, అంతా రహస్యంగానే తెలుసుకున్నామని భరోసా ఇచ్చాడు.

"ఏందన్నా, ఇట్ల తగ్గినావు? పండగలో తులాభారానికి నిన్నే అనుకున్యామే! ఒక తట్టలో నువ్వు, ఇంకో తట్టలో బెల్లం. ఆ బెల్లమంతా నీకే."

"లివర్లో కొవ్వుండాదంట అబ్బా."

"లివర్ లోపలుంటాది. స్టేజీ మీద ఎవురికి కనపడతాది?"

"ఈయన మొగం కనపడితే మా బతుకేం కావాల?" అంది అమల.

"హెల్మెట్ పెడతాంలే అక్కా. మా ప్రభుత్వానికి గోప్యత ముఖ్యం."

రానని చెప్పడానికే నోరు తెరిచాను. జయచంద్ర తెచ్చిన మైసూర్‌పాక్ అందులోకి వెళ్లింది. వారం తిరక్కుండానే పోయిన నాలుగు కిలోలనూ ప్రభుత్వానికి తిరిగి అప్పగించాను. అమల నాతో మాట్లాడ్డం మానేసింది.

పండుగనాడు హెల్మెట్ పెట్టుకుని, పట్టుబట్ట చుట్టిన తట్టలో కూర్చున్నాను. ఎదుటి తట్టలో బెల్లం పేర్చారు. నా తట్ట పైకి లేవలేదు. ఇంకా పేర్చారు. తెచ్చిన బెల్లమంతా అయిపోయినా నేను నేలకే అతుక్కుని ఉన్నాను. మిగతా బెల్లం ఏమైందని ఎవరూ అడగలేదు. సరఫరా చేసింది మంత్రిగారి బావమరిది.

జయచంద్ర నా వెనక్కి వచ్చి గొణిగాడు. "అన్నా, కాళ్లు కిందికి ఆనిచ్చి కొంచెం పైకి లెయ్. కూర్చున్నట్టే కనపడాల, కూర్చోగూడదు."

లేచాను. పట్టుబట్ట నా కాళ్లను దాచింది. తొడలు వణికిపోతుంటే రెండు తట్టలూ సమానమయ్యాయి. తొందరపడి వ్యాఖ్యాత మైకులో బెల్లం బరువు చదివేశాడు. "యాభై ఎనిమిది కిలోలు!"

వెనక బ్యానర్ మీద నా బరువు తొంభై కిలోలని రాసుంది. మంత్రిగారు తొణకలేదు. మైకు అందుకున్నారు.

"చూశారా! రోగులు లావెక్కి లివర్లు చెడిపోతున్నాయని ప్రతిపక్షం ఏడుస్తోంది. తొంభై కిలోల మనిషిని యాభై ఎనిమిదికి తెచ్చిన ప్రభుత్వం ఇది!"

మైదానం చప్పట్లతో దద్దరిల్లింది. నేనూ చేతులెత్తి దండం పెట్టాను. నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన ఒళ్లు తేలికైనట్టే అనిపించింది.

మరుసటి నెల స్కాన్ కోసం ఆసుపత్రికి వెళ్లాను. స్రవంతిగారు లేరు. తడ ఊళ్లో జరిగే ఇంకో పుష్టి పండుగకి డ్యూటీ వేశారట. కౌంటర్లో కూర్చున్నాయన తల ఎత్తకుండానే చెప్పాడు.

"స్కాన్ లేదబ్బా. పైనుంచి ఆర్డరొచ్చినాది. లావుగా ఉండేవాళ్లకే స్కాను. మన జిల్లాలో ఇప్పుడు లావుగా ఉండేవాళ్లు ఎవురూ లేరు."

"నన్నొకసారి సూడు సార్!" అన్నాను.

ఆయన తలెత్తాడు. కళ్లద్దాలు సర్దుకుని నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"కొంచెం పక్కకి జరుగన్నా. నీ ఎనక ఎవురుండారో కనపడటంలే."