నడిచొచ్చే చుట్టాలు

పెళ్లయిననాటి నుంచి భార్య పుట్టినరోజు ఎప్పుడని కూడా అడగని సదానందం, జూన్ నెలలో ఒకనాటి పొద్దున చాయ్ గ్లాసు కింద పెట్టి, "వినోదా, వచ్చే ఆదివారం నీ పుట్టినరోజు ఘనంగ చేస్తున్న," అన్నాడు.

వినోద చపాతీ పిండి పిసకడం ఆపి, చెయ్యి తుడుచుకుని వచ్చి, భర్త నుదురు ముట్టుకుని చూసింది.

"జరం లేదు. మరేమైంది?"

"ఏం కాలే. పెండ్లాం పుట్టినరోజు చెయ్యొద్దా?"

"నేను పుట్టింది కందికోతలప్పుడని మా అవ్వ చెప్పేది. ఇప్పుడు వానలు షురువైతున్నయి."

"ఆధార్ కార్డుల జూన్ అని ఉన్నది. సర్కారు చెప్పినంక మీ అవ్వ మాట చెల్లది."

వినోద ఊరుకుంది. వినోద ఊరుకుందంటే విజిల్ వెయ్యని కుక్కర్ కింద లెక్క. లోపల ఉడుకుతూనే ఉంటుంది.

సదానందం సిరిసిల్ల వైపు నుంచి మరమగ్గాల పనికి సూరత్ వచ్చినవాడు. తరువాత చీరల బేరంలో దిగి, కాలం కలిసొచ్చి, ఆ ఊళ్లోనే లింబాయత్‌లో రెండంతస్తుల దుకాణాల భవనం కట్టుకున్నాడు. అందులో కిరాయికున్న చీరల షావుకార్లు ఒక్కొక్కరే రింగ్‌రోడ్డు మీది పెద్ద మార్కెట్లకు తరలిపోయారు. ఖాళీ గదుల్లో పావురాలు కాపురం పెట్టాయి. వాటి దగ్గర కిరాయి రాదు కదా, ఊడ్పు ఖర్చు ఎదురు.

ఆ భవనాన్ని ఏం చెయ్యాలన్న దాని మీద ఇంట్లో రెండు పార్టీలు ఏర్పడ్డాయి. సదానందానిది ఫంక్షన్ హాల్ పార్టీ. వినోదది మెస్సు పార్టీ. ఆమె అప్పటికే మగ్గాల కార్మికులకు ఇంట్లో వండి డబ్బాలు కట్టి పంపుతోంది. ఆ భవనం చుట్టూ సందుల నిండా మగ్గాలే. అక్కడే వండి అక్కడే వడ్డిస్తానంటుంది.

"మెస్సు పెడితే నన్ను మెస్సు సదానందం అంటరు."

"హాలు పెడితే?"

"మహల్ సదానందం."

"పెండ్లి ఉన్ననాడే మహల్. తతిమ్మా దినాలు పావురాల సదానందమే. ఆకలి రోజూ అయితది."

సదానందం వింటేగా. హాలుకు అనుమతి కావాలని మున్సిపాలిటీకి అర్జీ పెట్టనే పెట్టాడు. ఆ సంగతి తెలిసి వెనక సందులో ఉండే కాంతాబెన్, పెళ్లిళ్లకొచ్చే బండ్లన్నీ తన గేటు ముందే తేలుతాయని ఫిర్యాదు చేసింది. విచారణకు గజ్జర్ సాహెబ్ వచ్చాడు. పేరుకు తగ్గట్టు గజాలు కొలిచే ఇంజనీరు. ముందున్న జాగా కొలిచి పెదవి విరిచాడు.

"దుకాణాలకైతే ఇది సరిపోయింది. ఫంక్షన్ హాలుగా మారిస్తే చాలదు. వచ్చినవాళ్లు బండ్లు ఎక్కడ పెడతారు?" అని హిందీలో అడిగాడు.

సదానందం నోరు ఊరుకోలేదు. "మా తెలుగోళ్లు బండ్ల మీద రారు సాహెబ్. నడిచొస్తారు."

"పెళ్లికి కూడానా?"

"పెళ్లికైతే మరీను. మా దగ్గర అది ఆచారం."

గజ్జర్ సాహెబ్ టేపు చుట్టేసుకుంటూ, "మంచి ఆచారం. మీ ఇంటి శుభకార్యం ఏదైనా ఇక్కడ జరిగితే చెప్పండి, వచ్చి చూస్తాను," అన్నాడు.

వినోదకు పుట్టినరోజు అలా వచ్చింది.

సదానందం మేడెక్కి, గొంతు తగ్గించి చుట్టాలందరికీ ఫోన్లు చేశాడు. మొదటి ఫోను బామ్మర్ది పరమేశ్‌కు. "బండి మీదనే రాండ్రి గని, బడి మైదానంల పెట్టి ఆడికెళ్లి నడిచి రాండ్రి. ఆడోళ్లకు చెప్పకుండ్రి."

ఆడవాళ్లకు చెప్పొద్దన్న మాటకు ఉన్న వేగం సూరత్ ఎక్స్‌ప్రెస్సుకు కూడా లేదు. చీకటి పడేలోగా అది వినోద చెవిన పడింది. ఆమె మాత్రం ఎవరినీ ఏమీ అడగలేదు. ఆదివారానికి బగారా అన్నం, గుత్తివంకాయ, పచ్చిపులుసు, సర్వపిండి అన్నీ తనే దగ్గరుండి వండుతానంది.

"నీ పుట్టినరోజుకు నువ్వే వండుకునుడేంది?"

"అలవాటు."

శనివారం రాత్రి ఒక్కటే వాన. ఆదివారం పొద్దుటికి బడి మైదానం చెరువైంది. బండ్ల మీద వచ్చిన చుట్టాలు ఆ నీళ్లు చూసి, పక్కన కనబడ్డ సందులోకి మలిపారు. అది కాంతాబెన్ సందే. ఒకరు పెట్టారని ఇంకొకరు, ఆయన పెట్టాడని మరొకరు, గేటు కమ్ముకుపోయేదాకా పెట్టారు. భవనం ముందు మాత్రం చుట్టాల బండి ఒక్కటీ లేదు. పట్టుచీరల ఆడవాళ్లు కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, మగవాళ్లు ప్యాంట్లు మడిచి, బురదలో నడుచుకుంటూ వస్తుంటే, ఆచారమంటే ఇదే అనిపించింది సదానందానికి.

గజ్జర్ సాహెబ్ కారు కూడా మైదానం దగ్గర దారి దొరక్క అదే సందులో చివరి చోటులో ఆగింది. అవన్నీ కాంతాబెన్ చుట్టాల బండ్లనుకుని ఆయన నడిచి వచ్చాడు. సాహెబ్ వస్తున్నాడని దూరం నుంచి చూసిన సదానందానికి, గడప ముందు తన చీరల టెంపో ఇంకా అక్కడే ఉందని అప్పుడు గుర్తొచ్చింది.

"బామ్మర్దీ, దీన్ని యాడన్న దాసిపెట్టు, జల్ది."

పరమేశ్ దాన్ని చుట్టు తిప్పి తీసుకుపోయి సందు మొదట్లో అడ్డంగా పెట్టాడు. తాళంచెవి అక్క చేతికిచ్చి భోజనానికి కూర్చున్నాడు.

గజ్జర్ సాహెబ్ ముందు జాగా అంతా చూశాడు. "నిజమే. ఒక్క బండి లేదు," అన్నాడు. సదానందం ఛాతీ బగారా గిన్నె అంత అయింది. సాహెబ్‌ను కూర్చోబెట్టి విస్తరి వేయించాడు.

ఆయన సర్వపిండి విరిచేసరికి కాంతాబెన్ వచ్చింది. తమ్ముడింటికి వెళ్లాలట, స్కూటీ గేటు దాటడం లేదట. ఆమె కోపం గుజరాతీలో ఉన్నా అందరికీ అర్థమైంది.

సాహెబ్ అక్కడే కూర్చున్న సంగతి మరిచిన పరమేశ్ మేలుచేద్దామని మైకు అందుకున్నాడు. "వెనక సందుల బండ్లు పెట్టినోళ్లు జర లేసి తియ్యాలె. ఎర్ర బండి, నల్ల బండి, సైలెన్సర్ ఊడిన బండి."

విస్తళ్ల ముందు కూర్చున్న మగవాళ్లందరూ ఎంగిలి చేతులతో ఒక్కసారే లేచారు. కూర్చుని మిగిలింది గజ్జర్ సాహెబ్ ఒక్కడే. కాసేపటికి తన కారూ అక్కడే ఉందని గుర్తొచ్చి ఆయనా లేచాడు.

"నడిచొచ్చారన్నారు?" అని సదానందాన్ని చూశాడు.

"సందు నుంచి నడిచే వచ్చారు సాహెబ్," అన్నాడు సదానందం, ఎటు చూడాలో తెలియక.

బండ్లు తీద్దామని పోయినవాళ్లు పోయినట్టే తిరిగొచ్చారు. సందు మొదట్లో టెంపో అడ్డం ఉంది, అది కదిలితే తప్ప ఏదీ కదలదన్నారు. టెంపో మీద పెద్ద అక్షరాలతో సదానందం పేరే ఉంది. సదానందం జేబులు వెతుక్కున్నాడు. పరమేశ్‌ను అడిగితే అక్కకిచ్చానన్నాడు.

"వినోదా, చాబీ ఏది?"

"యాడ పెట్టిన్నో. దేవులాడుత తియ్," అంది వినోద నింపాదిగా. గజ్జర్ సాహెబ్‌ను మళ్లీ కూర్చోబెట్టి వంకాయ వడ్డించింది. కాంతాబెన్‌కు పక్కనే విస్తరి వేసి రెండు సర్వపిండ్లు పెట్టింది. కోపంగా ఉన్న మనిషికి కరకరలాడేది పెట్టాలని ఆమెకు తెలుసు.

సాహెబ్ రెండోసారి పచ్చిపులుసు పోయించుకుని, "ఎవరు చేశారు?" అన్నాడు.

"నేనే సాహెబ్. హాలు సంగతి నాకు తెల్వదు," అంది వినోద తనకొచ్చిన హిందీలో. "ఇక్కడ మగ్గాలోళ్లకు మెస్సు పెడితే? పక్క సందుల నుంచి నడిచొచ్చి తిని పోతారు. దానికి ఈ జాగా చాలదా?"

"నడిచొస్తారా?" అని సాహెబ్ అనుమానంగా చూశాడు.

"పగలంతా మగ్గం ముందు నిలబడ్డోడు నాలుగడుగుల దూరానికి బండి ఎందుకు తీస్తాడు సాహెబ్?"

సాహెబ్ ఆలోచించి తల ఊపాడు. "కింది అంతస్తులో మెస్సయితే చాలుతుంది. అర్జీ మార్చి పెట్టండి."

కాంతాబెన్ సర్వపిండి నములుతూ, నడిచొచ్చేవాళ్లకు హారన్ ఉండదు కనుక తనకేం అభ్యంతరం లేదంది.

అప్పుడు వినోద నడుముకు చెక్కుకున్న కొంగు విప్పి చూసుకుని, "అయ్యో, చాబీ ఈడనే ఉన్నది," అంది.

సాయంత్రానికి అందరూ వెళ్లిపోయారు. ఖాళీ గదిలో భార్యాభర్తలిద్దరే మిగిలారు. సదానందం కుర్చీలో జారగిలబడ్డాడు.

"నీకు ఎప్పుడు తెల్సింది?"

"మొదటి ఫోను మా తమ్మునికే చేస్తివి. వాడు ఏనాడన్న నాకు చెప్పకుంట ఉన్నడా?"

"మరి అప్పుడే అడిగితే అయిపోవు గద. ఇంతమందిల నా ఇజ్జత్ పోకపోవు."

వినోద గంటెలు గిన్నెలో వేస్తూ మొగుడి వంక చూసింది.

"అప్పుడే అడిగితే నా పుట్టినరోజు చేసేటోనివా?"

సదానందం లేచి ఎంగిలి విస్తళ్లు ఎత్తసాగాడు.