టీమ్‌వర్క్ పేపరు

యూనివర్సిటీ పిల్లలకు డిగ్రీ చేతికిచ్చేముందు వృత్తి నైపుణ్య పరీక్ష పెట్టడం ఈ శతాబ్దంలో జరిగిన మహోపకారం! కాదన్నవాళ్లు నా ఎదుటికి రండి.

నేను ఏడో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టి వెల్డింగ్ షెడ్డులో చేరినవాణ్ణి. నాకు నైపుణ్యం ఉందో లేదో ఇప్పటిదాకా ఎవరూ కొలవలేదు. గేటు ఊడితే తిట్టారు, ఊడకపోతే ఊరుకున్నారు. అదీ ఓ కొలతేనా?

మా అమ్మాయి తరం పెట్టిపుట్టింది. వాళ్ల చిరునవ్వును కూడా కెమెరా కొలుస్తుందట! అందుకని నెల్లాళ్లు అద్దం ముందు పళ్లు ఇకిలించి సాధన చేసింది. వాళ్లమ్మ హడలిపోయి, పిల్లను డాక్టరుకు చూపిద్దామంది. నాయకత్వ లక్షణాల కోసం అమ్మాయి మా పిల్లికి ఆజ్ఞలు జారీ చేసింది. పిల్లి ఆవులించి వెళ్లిపోయింది. దానికి ఉద్యోగం అక్కర్లేదు కదా!

ఇక టీమ్‌వర్క్ పేపరు! నలుగురితో కలిసి పనిచేయడం వచ్చా రాదా అని తేల్చే పరీక్ష. ఎంత పకడ్బందీగా పెట్టారనుకున్నారు? మనిషికో అట్టగోడ, చెవులకు హెడ్‌ఫోన్లు. పక్కవాళ్లతో పలికితే మాల్‌ప్రాక్టీస్! ఇందులో తప్పితే ఏ కంపెనీవాడూ ఇంటర్వ్యూ గుమ్మం తొక్కనివ్వడు.

సరిగ్గా అక్కడే మా పిల్ల బుద్ధి గడ్డి తింది. పక్కనున్న కళ్లజోడు కుర్రాడి కంప్యూటర్ బిగుసుకుపోయి వాడు ఏడుపుమొహం పెడితే, అట్టగోడ మీదుగా చెయ్యి చాచి ఏదో మీట నొక్కింది. కంప్యూటర్ కదిలింది, మా పిల్లను బయటికి పంపేశారు. టీమ్‌వర్క్‌లో తనకు సున్నా, కళ్లజోడుకి నూటికి నూరు!

వెళ్లి అడిగాను. పరీక్షల ఆఫీసరు మర్యాదస్థుడు.

"మీ అమ్మాయిది మంచి మనసేనండీ. కాకపోతే అది సిలబస్‌లో లేదు," అని, మళ్లీ రాయించమన్నాడు.

ఈలోగా కళ్లజోడుకి ఉద్యోగం వచ్చింది. పరీక్ష పెట్టే కంపెనీయే తీసుకుంది. హాల్లో తిరుగుతూ ఎవరూ ఎవరికీ సాయపడకుండా చూడటం పని.

మొన్న అమ్మాయి మళ్లీ రాసింది. ఈసారి తన కంప్యూటరే సగంలో బిగుసుకుపోయింది. తలెత్తి చూస్తే ఎదురుగా కళ్లజోడు, మెడలో బ్యాడ్జీ.

"ఏమన్నాడే?" అన్నాను.

"ఏమీ అనలేదు నాన్నా. నవ్వి వెళ్లిపోయాడు. నేను అద్దం ముందు నేర్చుకున్నానే, అదే నవ్వు."

ఇందుకేనండీ ఈ పరీక్ష ఉండాలనేది! పక్కవాడు ఇబ్బందిపడితే చెయ్యి చాచే జబ్బు పుట్టుకతో వస్తుంది. ఉద్యోగం ఇచ్చేవాళ్లు అది నయమైందో లేదో చూసుకోవద్దూ?

మా అమ్మాయికి ఇంకా తగ్గలేదు.