నున్నటి పాట

ఆ రోజు పొద్దున అల్లుడు వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. అత్తగారు, మావగారు బంధువులను తీసుకురావడానికి స్టేషనుకు వెళ్తారు. వాళ్లు తిరిగొచ్చేలోపు హాల్లో పగుళ్లిచ్చిన నేల మీద కొత్త వినైల్ ప్లాస్టిక్ షీటు పరిచేస్తాడు. ఇళ్లల్లో వినైల్ నేలలు వేయడమే అతని పని. మావగారు చూసి మురిసిపోతారు. ఆ మురిపెం ఆరకముందే వీధి వైపు గది అడిగేయాలి. అది దొరికితే దుకాణం పెట్టుకోవచ్చు. లేకపోతే జన్మంతా షీటు చుట్టలు భుజాన మోసుకుంటూ మెట్లెక్కి దిగడమే. ఆ గదికి ఎప్పుడూ తాళమే. పాత ఆఫీసు కాగితాలున్నాయని మావగారు అంటారు. ఇంతకుముందు అడిగిన ప్రతిసారీ ఆయన ఎండల గురించి మాట్లాడారు.

హాలు ఖాళీ చేస్తూ అల్లుడు బీరువాలోని గ్రామఫోను రికార్డును అట్టకవరుతో సహా కిటికీ గట్టు మీద పెట్టాడు. అదేమీ మామూలు రికార్డు కాదు. పెళ్లయిన కొత్తలో అత్తగారు పాడిన ఒకే ఒక్క పాట. వేసిన కాపీలన్నీ చూస్తుండగానే అమ్ముడుపోయాయనీ, ఇదొక్కటి ఎలాగో మిగుల్చుకున్నాననీ మావగారు ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్తారు. సాయంత్రం బంధువులు వస్తున్నది అది వినడానికే.

నేల పని ముగించి తలెత్తేసరికి గట్టు నిండా ఎండ. రికార్డు అంచులు పైకి లేచి పళ్లెంలా తయారైంది.

ఇంకొకడైతే తల పట్టుకుని కూర్చునేవాడు, కొంప నిలబడేది. మనవాడికి పనొచ్చు, అదే వచ్చిన చిక్కు. వంకర తిరిగిన వినైల్‌ను సాపు చేయడం అతనికి రోజూ ఉండేదే. వేడిగాలి మిషను పట్టి, మెత్తబడగానే చెక్కబల్ల మీద పెట్టి రోలరు దొర్లించాలి. నేలయినా పాటయినా ప్లాస్టిక్ ప్లాస్టిక్కే కదా అనుకున్నాడు మహానుభావుడు. శ్రద్ధగా రెండు వైపులా దొర్లించాడు. రికార్డు చక్కగా సాపైంది. దాని మీద పాటను పలికించే గీతలు కూడా సాపయ్యాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఇలాంటివాళ్లను చూసే పుట్టి ఉంటుంది.

భార్య వచ్చి దాన్ని చేతిలోకి తీసుకుంది. అందులో తన ముఖం కనబడింది.

"గొంతు ఆపరేషనయ్యాక అమ్మ మళ్లీ పాడలేదు," అంది. "తన పాటంటూ మిగిలింది ఇదొక్కటే."

నిజం చెప్పేస్తానన్నాడు అతను. అందరి ముందూ వద్దు, బంధువులు వెళ్లాక చెబుదామంది ఆమె. అందాకా పాట మొదలవకుండా చూడాలి కాబట్టి ఇద్దరూ కలిసి రికార్డు ప్లేయరు వెనక వైరొకటి ఊడదీశారు. రికార్డును ఎక్కడిదక్కడే పెట్టి ఏమీ ఎరగనట్టు కూర్చున్నారు.

సాయంత్రం హాలు నిండింది. మావగారు కొత్త నేలను పాదంతో రాసి చూసి బాగుందన్నారు. గది అడగడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు, కానీ అల్లుడు అడగలేకపోయాడు. మావగారు రికార్డు పెడితే ప్లేయరు పలకలేదు. పాత సామాను ఇంతే నాన్నా అని కూతురు అనేలోపే అత్తగారి తమ్ముడు కుర్చీలోంచి లేచాడు. రిటైరయ్యాక చేతికి పనిలేక అల్లాడిపోతున్న రేడియో మెకానిక్కు ఆయన. ఊడిన వైరు కనబడగానే ప్రాణం లేచొచ్చింది.

"ఇంతేనా బావా," అని బిగించేశాడు.

ముల్లు రికార్డు మీద వాలింది. వాలీ వాలగానే నున్నగా జారుకుంటూ మధ్యకు వెళ్లి ఆగింది. మావగారు మళ్లీ పెట్టారు. మళ్లీ జారింది. అల్లుడి కాళ్ల కింద నేల కదిలిపోయింది. పొద్దున తనే గట్టిగా అతికించిన నేల.

"నేనే మావయ్యగారూ," అన్నాడు. ఎండ దగ్గర్నుంచి రోలరు దాకా ఏదీ దాచకుండా చెప్పేశాడు. గది మీద ఆశ అక్కడితో వదిలేసుకున్నాడు.

అత్తగారు రికార్డును ఒళ్లో పెట్టుకుని నిమిరారు. ఎక్కడా చేతికి గీత తగలకపోయేసరికి కళ్లనీళ్లు తిరిగాయి.

"పోనీలే బాబూ," అన్నారు. "కొనుక్కున్నవాళ్ల ఇళ్లలో ఉంటుందిగా నా పాట."

ఆ మాటకు మావగారి ముఖం పాలిపోయింది. అల్లుడి మీద విరుచుకుపడతారనుకుని అందరూ బిగుసుకుపోయారు. ఆయన లేచి, జేబులోంచి తాళంచెవి తీసి, వీధి గది తలుపు తెరిచారు. లోపల కిందనుంచి కప్పుదాకా అట్టపెట్టెలు. పై పెట్టె విప్పి కొత్త రికార్డొకటి పట్టుకొచ్చారు.

అత్తగారు ఆ పెట్టెల వంక చూశారు. "అన్నీ అమ్ముడుపోయాయన్నారు?"

"పోయాయి," అన్నారు మావగారు తల దించుకుని. "నేనే కొన్నాను."

అత్తగారు ముందు పాట పెట్టమన్నారు. పాట సాగినంతసేపూ ఆయన చెయ్యి వదల్లేదు. అయ్యాక ఆ చేతిలోని తాళంచెవి తీసి అల్లుడికిచ్చి, దుకాణం పెట్టుకోమన్నారు. రికార్డులు పంచి పెట్టెలు ఖాళీ చేసే బాధ్యత కూడా అతనిదే, వేడి మాత్రం చేయకూడదు.

దుకాణం బాగానే నడుస్తోంది. నేల వేయించుకున్నవాళ్లకు రికార్డు ఉచితం. రికార్డు వద్దంటే ఏమైనా తగ్గిస్తారా అని అడిగేవాళ్లే ఎక్కువ.