అత్తగారి శూన్యవిజయము

మార్తాండుడు నడినెత్తికెక్కి నిప్పులు చెరుగుచుండగా, పంకాలు వేడిగాలినే గిరగిర త్రిప్పి పంచుచుండగా, కంప్యూటరు శిక్షణాలయమున కిటికీప్రక్క కుర్చీయందు, కళ్ళజోడు ముక్కుకొసకు జారిన యొక వీరనారీమణి కొలువుదీరి యుండిరి. వారెవరనిన, బట్టలకొట్టు లెక్కల గుమాస్తా, వంటింటి సార్వభౌమురాలు, తాము విద్యార్థినిగా చేరిన తరగతి పంతులమ్మకు సాక్షాత్తు అత్తగారు!

కోడలు నేర్పునది, క్రొత్తవారికై కూర్చిన బాలభాషయను కంప్యూటరు భాష. అది మహా దయగలది. అంకె దాచుటకై కంప్యూటరులో క్రొత్త డబ్బా తెరచినంతనే, అడుగకమునుపే అందులో సున్నా వేసి యుంచును. పెద్దలు వాడు ప్రామాణిక భాషకో, అట్టి మొగమాటములు లేవు. డబ్బాలో పాతచెత్త యేది మిగిలినను అదియే నీ ప్రాప్తమనును. పాఠములు బాలభాషలో, పరీక్ష ప్రామాణికములో! ఈ భేదమును కోడలు ఇంటనే చెప్పబోగా, తమకన్నీ తెలుసునని అత్తగారు కొట్టిపారవైచిరి.

ఇక పరీక్షాసమరము. బట్టతానుల పొడవులు కూడుమని ప్రశ్న. అంగుళీశరపరంపరలతో కీబోర్డును దద్దరిల్లజేసి అత్తగారు మీట నొక్కగా, ఎనుబదికోట్ల మీటర్లని తెర పలికెను. భూగోళమునకు చీర చుట్టి చంద్రునికి రవిక కుట్టినను మిగులు వస్త్రమది!

వెనుక నిలిచిన ప్రధానాచార్యుడు పెదవి విరిచెను.

"ఈ బాలభాషతో అందరూ పాడైపోతున్నారు. మీ అత్తగారే పరీక్ష తప్పితే ఇక ఈ తరగతి ఎత్తేద్దామమ్మా."

పరీక్షలో నోరు మెదపరాని కోడలి మొగము పాలిపోయెను. అది చూచి అత్తగారు మరల కీబోర్డుపైకి లంఘించిరి. వరుసలు మార్చిరి, అంకెలు సరిచూచిరి, తెరను గుడ్లురిమి చూచిరి. ఎనుబదికోట్లు ఇసుమంతయు చలింపలేదు.

దాహార్తులై గ్లాసందుకొనిరి. అడుగున టీ మరక. అలవాటుగా కడిగి పారబోసి నీళ్ళు వంపుకొనబోవుచు, ఆ వీరనారి హఠాత్తుగా ఆగిపోయిరి. గిన్నె కడిగావా యని నిత్యము కోడలిని వేపుకుతిను నోరు తమదే కదా! వెంటనే కూడికకు ముందొక వరుస చేర్చి, మొత్తపు డబ్బాలో స్వహస్తముతో సున్నా వేసిరి.

నూటపది మీటర్లు! ఆచార్యుడు తలయూపి, తరగతి సాగనిమ్మని వెడలిపోయెను.

"గిన్నె కడగకుండా పోశానే అమ్మాయ్," అనిరి అత్తగారు మెల్లగా.

"నేను రోజూ కడిగే పోస్తున్నానత్తయ్యా. మీరే నమ్మరు."

ఆ సాయంత్రము పాలు పోయుచున్న కోడలిని గిన్నె కడిగావా యని వారడుగలేదు. ముల్లోకములారా, చెవియొగ్గి వినుడు! అసహాయశూరులై, ఏకాకులై పోరాడి, అత్తగారు సున్నా సంపాదించిరి!