ఎనిమిదిన్నర కిలోల గుమ్మడాకు

"ఈ వారం మలావీ చరిత్రలో నిలిచిపోతుంది!" అని న్యాయశాఖ మంత్రి చిపొండా గారు సరస్సు ఒడ్డున, జిల్లా కోర్టు మెట్ల మీద నిలబడి ప్రకటించారు. శిక్ష మరీ ఎక్కువైందనుకునే గంజాయి ఖైదీల అప్పీళ్లన్నీ ఈ వారమే తేలిపోతాయి. పట్టిన సరుకును అందరి ఎదుటా మళ్లీ తూస్తారు. కిలోకు రెండేళ్లు. ఇంత తేలికైన న్యాయం లోకంలో ఇంకెక్కడుంది?

జనంలో అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది ఎలుబీ. ఆమె భర్త వైసన్‌ది నాలుగు కిలోల కేసు. ఎనిమిదేళ్ల శిక్షలో నాలుగేళ్లు అయిపోయాయి.

"పోలీసుల సామాన్ల గదిలో ఎలుకలు మహా చురుకమ్మా," అన్నాడు వాళ్ల లాయరు. "కొన్ని యూనిఫాం కూడా వేసుకుంటాయి. అరకిలో మిగిలితే గొప్ప. శుక్రవారం మీ ఆయన ఇంట్లోనే న్సీమా ముద్ద తింటాడు, చూస్తూ ఉండు."

మర్నాడు సంతలో ఆమె ఆకుకూరల కొట్టు ముందుకు సార్జంటు కచింగ్వే చెమటలు కక్కుతూ వచ్చాడు.

"ఎండు గుమ్మడాకు ఎంతుంది?"

"ఎనిమిదిన్నర కిలోలు, బ్వానా. స్టేషన్లో పెళ్లా ఏంటి?"

"తనిఖీ. మొత్తం కట్టెయ్."

బేరమాడని పోలీసును ఎలుబీ చూడటం అదే మొదలు. ఆ సంతోషంలో వైసన్‌కు నీలం చొక్కా కొనేసింది.

శుక్రవారం కోర్టులో వైసన్ కేసు గంజాయి సంచిని కాటా ఎక్కించారు. సీలు కొత్తగా నిగనిగలాడుతోంది. ముల్లు తొమ్మిది దగ్గర ఆగింది.

"పోలీసుల సంరక్షణ మెచ్చదగింది," అన్నారు జడ్జి గారు. "శిక్ష పద్దెనిమిదేళ్లు."

వైసన్ బోనులోనే వేళ్ల మీద లెక్కపెట్టుకోసాగాడు. అప్పుడే సంచి చిరుగులోంచి ఎర్ర గుడ్డపీలిక తొంగిచూసింది. ఎలుబీ నడుముకు చుట్టుకునే తన పాత చితెంజె గుడ్డ చించి కట్టలకు వేసే ముడి అది.

"అయ్యా! అది నా గుమ్మడాకు! వేరుశనగ పొడి వేసి వండుకునేది!"

"సర్కారు సీలు పడ్డాక అది గంజాయే," అన్నారు జడ్జి గారు. "నీదెంత?"

"ఎనిమిదిన్నర కిలోలు."

జడ్జి గారు శ్రద్ధగా తీసివేత చేశారు. వైసన్‌కు మిగిలింది అరకిలో, అంటే ఒక్క ఏడాది. అదనంగా ఉన్న మూడేళ్లకు కృతజ్ఞతలు చెప్పి అతన్ని వదిలేశారు. ఎలుబీకి పదిహేడేళ్లు వేశారు.

"ఒక అప్పీలు గెలిచింది, ఒక బడా సరఫరాదారు దొరికింది!" అని మంత్రిగారు విలేకరులతో పొంగిపోయారు.

గుమ్మం దగ్గర ఎలుబీ నీలం చొక్కా భర్త చేతిలో పెట్టింది.

"ఏడవకు. అప్పీలు వెయ్యి."

"మళ్లీ తూస్తారా?"

"తూస్తారు. అందాకా సార్జంటుకు మాత్రం ఆకు అమ్మకు."