మెల్లగా పోయే బండి

ఆదివారం పొద్దున డ్రైవరు వేసుకున్న పథకం చాలా చిన్నది. కూతురి బ్యాటరీ కారు బాగుచేయాలి. స్నానం చేయాలి. పదింటికల్లా ఎవరింట్లోనో పోయిన పెద్దాయన్ని శ్మశానానికి చేర్చాలి. అతను నడిపేది అంతిమయాత్ర వ్యాను.

బయట ముసురు పట్టింది. ఇంటి ముందు జాగా లేక, వ్యాను వెనక తలుపులు తెరిచి, ఆ గులాబిరంగు బొమ్మకారును లోపల పెట్టుకుని కూర్చున్నాడు. అది పూర్తిగా ఆగిపోయిందా అంటే అదీ కాదు. పెడలు తొక్కితే కదిలేది. కాకపోతే చీమలు దాన్ని దాటుకుని వెళ్ళిపోయేవి.

"కొన్న కొత్తలో దూసుకెళ్ళి పూలకుండీ పగలగొట్టింది. ఇప్పుడు చూడండి, ఈసురోమంటోంది," అంది భార్య. "పిల్లా అలాగే తయారైంది. నవ్వదు, హారన్ కొట్టదు. మొహం వేలాడేసుకుని గేటుదాకా పోయొస్తుంది."

"ఛార్జింగ్ సరిగ్గా పెట్టావా?"

"పచ్చలైటు వెలిగేదాకా పెట్టా. అసలు దాన్నే అడగరాదూ?"

"అయిదేళ్ళదానికి మోటార్ల సంగతేం తెలుసు? పడుకోనీ."

వైర్లు చూశాడు. చక్రాల ఇరుసుకి చుట్టుకున్న భార్య జుట్టు ఒక జడకు సరిపడా పీకాడు. కారు మాత్రం అదే నడక. ఇక బ్యాటరీయే దొంగ అని తేల్చుకుని, వ్యాను సీటు కింద ఉన్న బ్యాటరీ ఊడదీసి దీనికి తగిలించాడు. అంత పెద్ద బ్యాటరీతోనూ బొమ్మకారు పాకుతూనే ఉంది. అంతలో ఓనరు ఫోను.

"ఎక్కడున్నావ్?"

"దారిలో ఉన్నా సార్," అన్నాడు బనీనులో నిలబడి.

"పోయిన నెల ఏడుస్తున్నవాళ్ళ మధ్యలో హారన్ ఇరుక్కుపోయి వీధంతా మోగించావ్. ఇవాళ ఒక్క ఫిర్యాదు వచ్చిందా, తాళాలు బల్లమీద పెట్టేసి ఇంటికెళ్ళిపో."

శవాల బండి తోలిన చేతికి స్కూలు బస్సు ఎవరూ ఇవ్వరని ఇప్పటికే వెతికి తెలుసుకున్నాడు. గబగబా బ్యాటరీ సీటు కింద పెట్టేశాడు. స్పానరు కనబడకపోతే వైరును బ్యాటరీకి బిగించే క్లాంపును చేత్తోనే అదిమి, స్నానానికి పరిగెత్తాడు. తిరిగొచ్చేసరికి, జల్లు కొడుతోందని భార్య వ్యాను వెనక తలుపులు మూసేసింది. బండి స్టార్టయింది. అదే పదివేలనుకున్నాడు.

చావింటి ముందు జనం గొడుగుల కింద మౌనంగా నిలబడి ఉన్నారు. పోయినాయన పెద్దకొడుకు సైగ చేశాడు. డ్రైవరు తలవంచి, వీలైనంత మర్యాదగా వెనక తలుపులు తెరిచాడు.

లోపల గులాబిరంగు కారు. దాని వెనక సీటులో వెల్లకిలా ఒక బొమ్మ. మెడదాకా కప్పిన తెల్ల చేతిరుమాలు, పైన రెండు వాడిన పూలు. స్నానానికి వెళ్ళేముందు ఆ బొమ్మ అక్కడ లేదు.

"ఏంటిది?" అన్నాడు పెద్దకొడుకు. "దారిలో ఇంకొకర్ని ఎక్కించుకొచ్చావా?"

"మా పాపదండీ... బాగుచేద్దామని..."

"మా నాన్న పోతే నీకు ఆటలుగా ఉందా? మీ ఓనరు నంబరివ్వు!"

డ్రైవరు నంబరు చెప్పాడు. పోయినాయన భార్య మెల్లగా వచ్చి బొమ్మకేసి చూసింది.

"ఎంత ఒద్దికగా పడుకోబెట్టిందిరా," అంది. "కింద పారేయకండి. ముందు సీట్లో పెట్టు బాబూ, అదీ వస్తుంది."

బొమ్మతో సహా కారును ముందు సీట్లోకి మార్చి, పెద్దాయన్ని ఎక్కించారు. డ్రైవరు తాళం తిప్పాడు. టిక్కుమంది. మళ్ళీ తిప్పితే అదీ అనలేదు. సీటు కింద చెయ్యి పెట్టాడు. క్లాంపు ఊడిపోయి ఉంది. దాన్ని అదిమిపట్టినా బండి ఉలకలేదు.

"ఇంకేమైనా మిగిలిందా?" అన్నాడు పెద్దకొడుకు పళ్ళు నూరుతూ.

శ్మశానం ఆ వీధి చివరే. మగవాళ్ళంతా గొడుగులు ముడిచి తోయడం మొదలుపెట్టారు. స్టీరింగు పట్టుకుని, పక్కన బొమ్మతో, డ్రైవరు తన ఉద్యోగాన్ని కూడా అదే బండిలో సాగనంపుతున్నట్టు కూర్చున్నాడు. పెద్దావిడ వ్యానుమీద చెయ్యి వేసి తడుస్తూ నడిచింది.

వ్యాను శ్మశానం గేటు దగ్గరే ఉండిపోయింది. బొమ్మకారు భుజాన వేసుకుని అతను ఇల్లు చేరేసరికి ఫోను మోగింది. జేబులోంచి వ్యాను తాళాలు తీసి చేతిలో పట్టుకుని మరీ ఎత్తాడు.

"ఆ పెద్దావిడ ఫోన్ చేసిందయ్యా," అన్నాడు ఓనరు. "ఆయన బతికున్నన్నాళ్ళూ పరుగేనట. పక్కన నడుద్దామంటే ఎప్పుడూ అందలేదట. ఇవాళ చివరిదాకా పక్కనే నడిచానని ఏడ్చింది. ఇంత మెల్లగా నడిపే డ్రైవర్ని చూడలేదంది. మిగతావాళ్ళక్కూడా నీ దగ్గర నేర్చుకోమని చెప్పా."

డ్రైవరు తాళాలు జేబులో వేసుకుని గుమ్మంలో కూలబడ్డాడు. కూతురు పరిగెత్తుకొచ్చి ముందు కారు వెనక సీటు చూసింది. రుమాలు సర్దింది.

"ఎందుకమ్మా ఇది ఇంత మెల్లగా పోతోంది?" అని చివరికి దాన్నే అడిగాడు.

పాప స్టీరింగు కింద ఉన్న చిన్న మీట చూపించింది. దానికి ఒక పక్క కుందేలు బొమ్మ, ఇంకో పక్క తాబేలు బొమ్మ. మీట తాబేలు వైపుంది.

"వెనక మనిషుంటే మెల్లగా పోవాలని నువ్వే చెప్పావుగా నాన్నా."

"మనిషి దిగాక కుందేలు మీద పెడతావా?"

"వాళ్ళు దిగరుగా."

పాప మొహం వేలాడేసుకుని పెడలు తొక్కి గేటువైపు సాగిపోయింది.

"బాగైందా బండి?" అని భార్య వంటింట్లోంచి కేకేసింది.

ఆ ఇంట్లో ఆ రోజు సరిగ్గా నడిచిన బండి అదొక్కటే.